గంగమ్మకిచ్చిన మూటను వెనక్కి తెచ్చినవాణ్ణి

ఆ రోజుల్లో సముద్రం మురికి అవుతుందని ఎవరైనా అంటే, పక్కవాళ్ళు వాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసి, జ్వరం లేదని తేలాక, ఇంకేదో ఉందని జాలిపడేవారు. సముద్రం మీద అంత నమ్మకం మరి. పడవలో ఏది అక్కర్లేకపోయినా దానికి ఒకటే దారి, పక్కకు వంగి చెయ్యి వదిలెయ్యడం. చుట్ట పీక, తెగిన చెప్పు, తుప్పు పట్టిన డబ్బా, ఇంజన్లోంచి తీసిన నల్లనూనె, అన్నం మాడితే అన్నం, మరీ మాడితే గిన్నెతో సహా. నీళ్ళు ఒకసారి మూసుకున్నాక ఆ వస్తువు లోకంలో లేనట్టే. ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న పొద్దున్న ఫిషింగ్ హార్బర్‌కి చేపల కోసం వెళ్ళిన నన్ను, చేతులకు తొడుగులు వేసుకున్న ఒక కాలేజీ అమ్మాయి జెట్టీ మీద ఆపింది. "తాతగారూ, పడవలో వాడిన కవర్లూ సీసాలూ సముద్రంలో పారెయ్యకూడదు. సంచిలో వేసి ఒడ్డుకు తేవాలి. తెలుసా మీకు?" అని, తెలియకపోతే తెలుసుకోమని ఒక కాగితం నా చేతిలో పెట్టింది. తెలుసా నాకు! నన్ను! ఈ హార్బర్‌లో సంచి కట్టి చెత్తను ఒడ్డుకు తెచ్చిన మొదటి మనిషిని నేను (రెండోవాడు రావడానికి సుమారు నలభై ఏళ్ళు పట్టింది). ఆ సంగతి చెబుదామని నోరు తెరిచేలోగా ఆ అమ్మాయి ఇంకో ముసలాయన్ని పట్టుకుంది. అందుకని మీకు చెబుతున్నాను. మీకు తొందరేమీ ఉండదనుకుంటాను.

నా బడి చదువు అయిదో తరగతితో ఆగింది. ఆపైన చదివిందంతా పొట్లాల మీద. బెల్లం కట్టిన కాగితం, పకోడీలు కట్టిన కాగితం, ఏది దొరికితే అది విప్పి, దులిపి, మడతలు సాపు చేసి చదివేవాణ్ణి. ఈ పద్ధతిలో ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. లాభం ఏమిటంటే లోకంలో ఉన్న ప్రతి విషయం గురించీ కొంత తెలుస్తుంది. నష్టం ఏమిటంటే ఏ విషయం గురించీ చివరిదాకా తెలియదు. నేను హార్బర్ పక్కన ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం మిరపకాయ బజ్జీలు కట్టించుకుంటే, ఆ కాగితం మీద సముద్రం గురించి ఒక వ్యాసం ఉంది. పాలిథిన్ కవరు నీళ్ళలో కుళ్ళదట. తాబేలు దాన్ని జెల్లీచేప అనుకుని మింగి చస్తుందట. ఇంజను నూనె చుక్క పడితే చాపంత మేర పరుచుకుని కింద ఉన్న వాటికి ఊపిరాడనివ్వదట. "కాబట్టి పడవ మీద నుంచి సముద్రంలోకి ఏ వస్తువునూ వదలరాదు. అయితే" అన్న దగ్గర కాగితం చిరిగిపోయింది. ఆ 'అయితే' తరవాత ఏముందో తెలియదు. మినహాయింపులు ఏవైనా ఉంటే అవి ఇంకెవరి బజ్జీలతోనో వెళ్ళిపోయాయి. నాకు మిగిలింది నియమం ఒక్కటే. ఇరవై రెండేళ్ళవాడికి అది చాలు.

ఆ నెలలోనే మా మామ నన్ను తన పడవ మీదికి వంటవాడిగా తీసుకున్నాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు, ఆ పడవకు సరంగు. పడవ ఎటు పోవాలో, వల ఎక్కడ దించాలో, ఎవడు నోరు ముయ్యాలో చెప్పేది సరంగే. ఆయనకో కూతురు, నాకు మరదలు. ఆ సంబంధం గురించి పెద్దవాళ్ళు మాట్లాడుకోవడం నేను విన్నాను. నేను విన్నానని మామకు తెలుసు. అందుకే పడవ ఎక్కే ముందు నన్ను పక్కకు పిలిచి సూటిగా చెప్పేశాడు. "ఇదిగో, ఈ ఏడంతా నా పడవ మీద నిలబడు. నిలబడితే పిల్ల సంగతి మాటాడదాం. దిగిపోయినావనుకో, ఐసు దిమ్మలున్నాయి, నువ్వున్నావు." ఆ ఏడాది మామ పరిస్థితి కూడా బాగా లేదు. అంతకు ముందు నాలుగు ట్రిప్పుల నుంచి ఆయన పడవకు చేపలు సరిగా పడటం లేదు. హార్బర్‌లో తోటి సరంగులు ఆయన ఎదురైతే ఆకాశం కేసి చూస్తున్నారు.

అలాంటి పడవ ఎక్కి నేను చేసిన మొదటి పని, వెనక వంటగది పక్కన మూడు సంచులు కట్టడం. పాత వలముక్కలతో నేనే కుట్టాను. ఒకదానిలో డబ్బాలు, సీసాలు. ఒకదానిలో కవర్లు, తాళ్ళు, తెగిన వల. మూడోది ఏం వెయ్యాలో తెలియని వాటికి. నల్లనూనెకు వేరే డబ్బా. (కూరగాయల తొక్కలు సముద్రంలో వెయ్యవచ్చునా లేదా అన్నది బహుశా ఆ 'అయితే' తరవాత ఉండి ఉంటుంది. తెలియక అవి కూడా దాచాను.) మొత్తం ఆరుగురం ఉన్నాం పడవలో. అందులో ఇంజను చూసే డ్రైవరు బావ ఆ సంచుల ముందు కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏటిరా ఇవి?"

"సెత్తకి బావా. సంద్రంలో ఏటీ ఎయ్యకూడదు. కాగితంలో రాసినారు."

"ఏ కాగితం?"

"బజ్జీల కాగితం."

"మరి ఇంజన్లో నల్లనూని?"

"ఈ డబ్బాలో పొయ్యి."

"ఒరే ఎర్రోడా, నూని ఏత్తే సంద్రానికి మంచిదిరా. కీళ్ళు సాఫీగా తిరుగుతాయి," అని, వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా, "ఒరే, మన పడవలోకి మున్సిపాల్టీ వచ్చీసినాదిరా!" అని కేక వేశాడు. అప్పటి నుంచి నా పేరు మున్సిపాల్టీ. "మున్సిపాల్టీ, టీ ఏదిరా?" "మున్సిపాల్టీ, పులుసులో ఉప్పు నేదు, దరకాస్తు పెట్టమంతావా?" సంచుల సంగతి మామను అడిగితే ఆయన ఒకే మాటతో తీర్పు చెప్పాడు. "సేపలు పడితే నీ సెత్త నా సెత్త. పడకపోతే నువ్వే సెత్త."

ఇక అసలు సంగతి. పడవ బయలుదేరిన తెల్లవారుజామునే అది జరిగిపోయింది. హార్బర్ దాటి, డాల్ఫిన్ నోస్ కొండ పక్కగా బయటి నీళ్ళలోకి రాగానే గంగమ్మకు ఇవ్వవలసినది ఇస్తారు. కొబ్బరి చెక్కలు, అరటిపళ్ళు, నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, గాజులు, రవికెగుడ్డ. మూట కట్టేది మా అమ్మమ్మ, అంటే మామ తల్లి. హార్బర్‌లో చేపల వేలం పాట పాడే ఆడవాళ్ళకు ఆవిడ పెద్ద. ఆవిడ కడితే ముడి, ఆవిడ చెబితే మాట. సరంగు ముందు భాగంలో నిలబడి, మూటను రెండు చేతులా నీళ్ళలోకి వదిలి, దణ్ణం పెట్టి, ఇక వెనక్కి తిరిగి చూడడు. ఎవరూ చూడరు. గంగమ్మ పుచ్చుకుంటుండగా చూడకూడదని నియమం. అందరూ తూర్పు కేసి మొహాలు పెట్టుకుని నిలబడ్డారు. నేనొక్కణ్ణే పడవ వెనక, ఒడ్డు వైపు తిరిగి, పొయ్యి ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. కళ్ళలో నీళ్ళు. ఆ నీళ్ళలోంచి చూస్తే, పడవ పక్కన ఒక పసుపుపచ్చ పాలిథిన్ కవరు ముడి వేసుకుని, గాలి నిండి, దర్జాగా తేలుతూ పోతోంది.

నాకు తెలిసిన గంగమ్మ మూట ఏది? మా పల్లెలో అడ్డాకుల దొప్పలో పెట్టి వదిలేవారు. దొప్ప తడిసేది, మునిగేది. ఇక్కడ అమ్మమ్మ ఆ ఏడాది నుంచీ పద్ధతి మార్చిందని నాకెవరు చెప్పారు? ద్వారకా నగర్‌లో ఒక బట్టల కొట్టులో పనిచేసే చుట్టం ఎవరో ఆవిడకు కొత్త కవర్లు తెచ్చి ఇస్తున్నాడట. మెరుస్తున్నాయి, గంగమ్మకు దొప్ప ఏమిటి నామోషీగా, మంచి కవరులోనే ఇద్దాం అనుకుందట ఆవిడ. నాకు కనిపించింది తాబేలు గొంతుకు అడ్డం పడబోయే ఒక కవరు. బుట్టవల కర్ర చాచి ఒక్క ఊపుతో పైకి లాగేశాను. బరువుగా ఉంది. ఒడ్డున ఎవడో దుర్మార్గుడు కుళ్ళిన సరుకు కట్టి పారేశాడని తిట్టుకుని, తడి తుడిచి, మూడో సంచిలో వేశాను. పని బాగా చేశానన్న తృప్తితో టీ పెట్టాను. ఆ టీ చాలా బాగుందని మామ అన్నాడు కూడా.

మొదటి రోజు వల లాగితే గుప్పెడు చేపలు. రెండో రోజు జెల్లీచేపలు. మూడో రోజు వలకు పెద్ద చిరుగు, ఆ చిరుగు మీదుగా మళ్ళీ జెల్లీచేపలు. నాలుగో రోజుకు ఎవరూ నన్ను మున్సిపాల్టీ అనడం లేదు. నవ్వడానికి ఓపిక లేదు. అయిదో రోజు పొద్దున్న చుట్ట పెద్దయ్య విచారణ మొదలుపెట్టాడు. ఆయన పడవలో అందరికన్నా పెద్దవాడు, ఎప్పుడూ ఆరిపోయిన చుట్ట నోట్లో ఉంచుకుని మాట్లాడతాడు. అరిష్టం తెచ్చే పని చేసింది ఎవడు, వల దాటింది ఎవడు, ఈల వేసింది ఎవడు, అని ఒక్కొక్కరినీ అడిగి, చివరికి మామ దగ్గరికి వచ్చాడు.

"గంగమ్మకి మూట ఇచ్చినావా?"

"నా సేత్తోనే ఏసినాను పెద్దయ్యా."

"ఎలాగున్నాది మూట?"

"ఎలాగుంటాది? అమ్మ కట్టినాది. పసుపచ్చ కవరు."

నేను పొయ్యి దగ్గర అన్నం వారుస్తున్నాను. గంజి సగం గిన్నెలో పడింది, సగం నా కాలి మీద పడింది. అరవలేదు. మెల్లగా తల తిప్పి మూడో సంచి కేసి చూశాను. వల కన్నాల్లోంచి పసుపుపచ్చగా అది కూడా నా కేసి చూస్తోంది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ క్షణాన చెయ్యవలసిన పని చాలా తేలిక. నిజం చెప్పెయ్యడం. నేను మాత్రం ఒక గోనెపట్టా తెచ్చి సంచి మీద కప్పాను. ఆ తరవాత ఒకటిన్నర రోజు పాటు ఆ పట్టా మీదే కూర్చుని వంట చేశాను, కూర్చుని తిన్నాను, కూర్చునే పడుకున్నాను. నా బుర్రలో ఒకటే గొడవ. తిరిగి నీళ్ళలో వేసేద్దామంటే అది కవరు, నియమం ఒప్పుకోదు. వెయ్యకపోతే చేపలు ఒప్పుకోవు, మామ ఒప్పుకోడు, పిల్ల దక్కదు. చదువుకున్నవాళ్ళకు ఇలాంటి చిక్కులు ఉండవు, వాళ్ళు కాగితం రెండో సగం కూడా చదివి ఉంటారు. నా సంగతి తేల్చింది అరటిపళ్ళు. ఎండకు అవి ఎలా పండాయో గానీ, ఆరో రోజు మధ్యాహ్నం డ్రైవరు బావ ఇంజను గదిలోంచి ముక్కు ఎగబీలుస్తూ పైకి వచ్చాడు. ఆరు రోజులుగా ఒక్క పండు లేని పడవ మీద పండిన అరటిపళ్ళ వాసన. ఆ వాసన పట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చి, "లెగు," అన్నాడు. నేను లేవలేదు. "లెగరా మున్సిపాల్టీ," అని చెయ్యి పట్టి లేపాడు. పట్టా తీశాడు. సంచిలో చెయ్యి పెట్టాడు. మూట బయటికి తీసి చూసి, దాన్ని పట్టుకున్న చేతిని తన ఒంటికి దూరంగా చాచి, "సింవాద్రప్పన్నా!" అన్నాడు. ఆ మనిషి అంత మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

నన్ను కొడతారనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. గంగమ్మ నోటి దగ్గర కూడు లాక్కున్నవాణ్ణి తాకితే ఏమవుతుందో అని భయపడి ఉంటారు. మామ మాత్రం నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "తెలిసి తీసినావా, తెల్దా?" అన్నాడు. "తెల్దు మావా. కవరనుకున్నాను." "కవరే కదరా అది," అన్నాడు డ్రైవరు బావ. మళ్ళీ నీళ్ళలో వేసేద్దామని ఒకడన్నాడు. చుట్ట పెద్దయ్య చుట్ట తీసి చేత్తో పట్టుకున్నాడు, అంటే ఇక అది చట్టం. "ఒకపాలి ఎనక్కొచ్చింది మళ్ళీ ఇవ్వకూడదు. ఇప్పీకూడదు. కట్టిన సెయ్యే ఇప్పాల." కట్టిన చెయ్యి ఒడ్డున ఉంది. కాబట్టి ఇంకా నాలుగు రోజులు వేటాడవలసిన పడవ, సగం ఐసు కరిగి, చేపలు లేకుండా, ముక్కు తిప్పి ఇంటి దారి పట్టింది. దారిలో మామ ఒకే మాట అన్నాడు, అదీ నా కేసి చూడకుండా. "ఒడ్డుకెల్లగానే దిగిపో. పిల్ల మాట మర్సిపో."

మర్నాడు తెల్లారేసరికి జెట్టీ చేరాం. వేలం పాట వేళ. ఆడవాళ్ళు, గంపలు, ఐసు బండ్లు, కాకులు, అరుపులు. ముందుగా వచ్చిన పడవ అంటే సరుకు నిండి వచ్చిందని అర్థం. అందుకని అందరూ మా చుట్టూ మూగారు. "ఏటి పడినాదిరా, ఏటి పడినాది?" అని కేకలు. డ్రైవరు బావ జెట్టీ మీదికి దూకి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, "సెత్త," అన్నాడు. నవ్వులాట అనుకున్నారు. అంతలో నేను సంచులు ఒక్కొక్కటే మోసుకొచ్చి జెట్టీ మీద దించాను. దించాల్సిన సరుకు ఇంకేమీ లేదు. ఒక ముసలి వడ్రంగి నల్లనూనె డబ్బా చూసి, పడవ చెక్కకు పట్టించడానికి తనకు పనికొస్తుందని అక్కడికక్కడే ఎత్తుకుపోయాడు. ఆ ట్రిప్పులో మేము తెచ్చిన వాటిలో ఎవరైనా ఇష్టపడి తీసుకున్నది అదొక్కటే.

అమ్మమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. వెనకాల ఐసు గంప చంకన పెట్టుకుని మా మరదలు. మామ జరిగినది చెప్పాడు. ఆవిడ విని చెయ్యి చాపింది. డ్రైవరు బావ మూట అందించాడు. ఆవిడ జెట్టీ మీద చతికిలబడి, గోళ్ళతో, పళ్ళతో, పది నిమిషాలు కష్టపడి తన ముడి తనే విప్పింది. నేను అడుక్కోవడానికి మాటలు సిద్ధం చేసుకుంటున్నాను. మూట తెరుచుకుంది. అరటిపళ్ళు నల్లగా ముద్దయిపోయాయి. కొబ్బరి చెక్కలకు బూజు. రవికెగుడ్డ మాత్రం మడత చెదరకుండా ఉంది. అమ్మమ్మ దాన్ని వేళ్ళతో నలిపి చూసింది. కుంకుమ పొట్లం విప్పి చూసింది. పొడి పొడిగా ఉంది. నీటి చుక్క లోపలికి వెళ్ళలేదు.

"ఒరే," అంది మామతో, "సంద్రంలో ఏసినావా దీన్ని?"

"ఏసినానే అమ్మా."

"తడవనేదేటి?"

"కవరు కదే."

ఆవిడ ఖాళీ కవరును ఎత్తి వెలుగుకు పెట్టి చూసింది. ఆ కాసేపు వేలం పాట ఆగిపోయినట్టు గుర్తు (ఆగి ఉండదు, నాకలా అనిపించి ఉంటుంది). తరవాత ఆవిడ తల పట్టుకుంది. "ఓలమ్మా! ఈ కవర్లలో పెట్టిన కాడ్నుంచే కదరా మనకి సేపలు నేవు! అయిదు పాలీలు ఇలాగే కట్టినాను. నా ముడి నాకే పది నిమిసాలు పట్టినాది. ఆ తల్లి ఎలా ఇప్పుకుంటాది? తిండి కళ్ళెదురుగా పెట్టి, మూతి కట్టీసి పంపినాను గదరా నాను!" అని, నా కేసి తిరిగింది. "ఈడు తేకపోతే నాకెలా తెలుస్తాదిరా? ఈడు పడవ దిగడు."

"దిగకపోతే నా పరువేటవ్వాలమ్మా?" అన్నాడు మామ. "సేపలకెల్లి సెత్త తెచ్చినోడని హార్బరంతా నవ్వుతన్నారు. పిల్లని ఎలా ఇత్తాను ఈడికి?"

"పిల్లనడుగు," అంది అమ్మమ్మ. "ఏటే గుంటా, నువ్వేటంటావు?"

మా మరదలు ఐసు గంప ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది. నన్నూ చూసింది, నా సంచులనూ చూసింది. "సంద్రంలో పారేసిందాన్నే ఒగ్గకుండా ఒడ్డుదాకా మోసుకొచ్చినాడు," అంది. "నన్నేటి ఒగ్గుతాడు?"

"తననీ సెత్తలో కలిపీసుకున్నాదేటిరా," అన్నాడు డ్రైవరు బావ నా చెవిలో. మరదలన్న ఆ మాట పొగడ్తా కాదా అన్నది నేను నలభై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. ఇప్పుడు నా ఇల్లాలైన ఆవిణ్ణి అడిగితే, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ, "నాకు గ్యాపకం నేదు," అంటుంది. ఆ పసుపుపచ్చ కవరును అమ్మమ్మ కడిగి, ఆరబెట్టి, పోయేదాకా అందులో ఆకూ వక్కా దాచుకుంది. ఇప్పుడు మా రేషన్ కార్డు అందులో ఉంది. కుళ్ళలేదు. కాగితంలో రాసింది నిజమే.

తరవాతి ట్రిప్పుకు గంగమ్మకు అడ్డాకుల దొప్పలోనే ఇచ్చాం. చేపలు పడ్డాయా అంటే, పడ్డాయి. మరీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. దొప్ప వల్లనే అని అమ్మమ్మా, వల బాగుచేసినందువల్ల అని డ్రైవరు బావా, నేను నోరు మూసుకుని వంట చేసినందువల్ల అని మామా ఎవరికి వారే చెప్పుకున్నారు. గంగమ్మ ఎవరి పక్షమూ తీసుకోలేదు. నా సంచులు మాత్రం కట్టిన చోటే ఉన్నాయి. డబ్బాలూ సీసాలూ పాత సామాన్ల కొట్టువాడు తీసుకునేవాడు. కవర్లు మాత్రం నా మొహాన కొట్టేవాడు. వాటిని ఏం చెయ్యాలో అప్పుడూ నాకెవరూ చెప్పలేదు, ఇప్పటికీ సరిగ్గా చెప్పడం లేదు. ఆ చేతి తొడుగుల అమ్మాయిని అడగాల్సింది అది.

అమ్మాయి ఇచ్చిన కాగితం ఇంటికి తెచ్చుకుని పూర్తిగా చదివాను. రెండు వైపులా ఉంది, ఎక్కడా చిరగలేదు. అయినా ఎందుకో ఆ జెట్టీ మీద మూడు సంచుల మధ్య నిలబడ్డ కుర్రాడే కళ్ళ ముందు మెదులుతున్నాడు, కాలి మీద గంజి పడ్డ బొబ్బతో, చేపల కంపు కూడా లేని చేతులతో. ఇప్పుడు వాడి పక్కకు వెళ్ళి, "ఒరే, కనీసం ముడి విప్పి చూడాల్సిందిరా," అని చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు, నాకు తెలుసు. జేబులోంచి నూనె మరకల కాగితం తీసి, సాపు చేసి, నా చేతిలో పెట్టి, "తాతా, పెద్దోడివి, చాలా చదివుంటావు. ఈ 'అయితే' తరవాత ఏటుందో సెప్పు," అంటాడు. నేను వాడికి, ఇప్పటికీ ఎక్కడ బజ్జీలు కొన్నా, తినే ముందు కాగితం తిప్పి చూస్తూనే ఉన్నానని చెబుతాను.